సేటు కొనాలనుకున్న దగ్గు

నాకు ఆయాసం. మా నర్మెట్ట వైపు దాన్ని దమ్ము అంటారు. నా ఉద్యోగం మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాగిరీ. ఈ రెండు సంగతులూ ఒకేసారి విన్నవాళ్లు ముందు నా ముఖం చూస్తారు, తరువాత నాకు పిల్లనిచ్చిన మామ తెలివిని తలచుకుని నిట్టూరుస్తారు. వాళ్ల నిట్టూర్పు మీద నాకు కోపమేమీ లేదు. నిట్టూర్చడానికీ ఊపిరి కావాలి, అది వాళ్లకు ఉంది.

ఎవరూ తమ ఊపిరితిత్తులను అడిగి ఉద్యోగం ఎంచుకోరు. జనగామలో డిగ్రీ పూర్తి చేసి, సర్కారు కొలువుల పరీక్షలు రాసి రాసి, నేను కట్టిన ఫీజులతోనే సర్కారు నడుస్తోందేమోనని అనుమానం వచ్చాక, దొరికిన పనిలో చేరాను. దొరికింది మిర్చి. పత్తి మిల్లులో దొరికితే అక్కడా దుమ్మే. బియ్యం మిల్లు అయితే ఊక. మా జిల్లాల్లో దుమ్ము లేని పని కావాలంటే చేపలు అమ్ముకోవాలి, అందుకు మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.

అడ్తి దుకాణమంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. రైతులు మిర్చి బస్తాలు తెచ్చి మా ముందు దింపుతారు. ఖరీదుదారులు వచ్చి కాయ చూసి రేటు చెబుతారు. మధ్యలో నిలబడి ఇద్దరికీ మంచివాళ్లమనిపించుకుంటూ కమీషన్ తీసుకునేది మేము. గుమాస్తా అన్నవాడు రైతులకు ఫోన్లు చేసి పిలవాలి, బస్తాలు వరసల్లో వేయించాలి, బస్తా మూతి విప్పాలి, మోచేతి దాకా లోపలికి పెట్టి అడుగునుంచి పిడికెడు కాయ తీయాలి, నలుగురికీ చూపించాలి. ఆ పిడికెడుతో పాటు బస్తాలో ఉన్న ఘాటంతా లేచి ముఖానికి కొడుతుంది. సీజనులో మా వీధిలో కుక్కలు కూడా తుమ్ముతాయి. హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకుంటారు. మా సేటు మాత్రం అందరికంటే లోపల, లక్ష్మీదేవి ఫొటో కింద, టేబుల్ ఫ్యాన్ తన వైపే తిప్పుకుని, తెల్లబట్టల మీద ఎర్రమచ్చ పడకుండా కూర్చుంటాడు.

నేను పిడికెడు తీశానంటే దగ్గు మొదలయ్యేది. మామూలు దగ్గు కాదది. కడుపులోంచి లేచి, కళ్లలో నీళ్లు తెప్పించి, నన్ను బస్తాల మీద కూర్చోబెట్టేది, ప్రతి సీజనులో కొన్ని రోజులు మంచమూ ఎక్కించేది. మొదట్లో అందరూ పాపమన్నారు. తరువాత అలవాటు పడ్డారు. ఆ తరువాత జరిగింది మాత్రం మా మానుకోట మిర్చి వీధిలో తప్ప ఇంకెక్కడా జరగదని నా నమ్మకం.

ఒక రోజు లంబాడీ తండా నుంచి ఒక అక్క బస్తాలు తెచ్చింది. కాయ కొంచెం రంగు తగ్గినట్టుంది. ఖరీదుదారు ఒకాయన పెదవి విరిచి, ఘాటు లేదు పొమ్మన్నాడు. అదే సమయానికి నేను ఇంకో బస్తాలో చెయ్యి పెట్టి, దగ్గు పట్టుకుని, గోడ ఆసరాగా నిలబడ్డాను. అక్క నన్నూ, ఆయన్నూ మార్చి మార్చి చూసింది.

“ఘాటు లేదంటివి గద. మరి గీ అన్న ఎందుకు గిట్ల సస్తుండు?”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఖరీదుదారు సిగ్గుపడి రేటు కాస్త పెంచాడు. అంతే, ఆ పూట నుంచి నేను గుమాస్తాను కాను, మిర్చి కొలిచే మిషన్‌ను. తండాలవాళ్లు తమ భాషలో నా గురించి ఏదో చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్లు. అర్థమేమిటని అడిగితే ఒకతను చెప్పాడు, మా దుకాణానికి దగ్గే దుకాణమని పేరు పెట్టారట. బస్తా విప్పగానే రైతులు కాయను చూడటం మానేసి నా ఛాతీని చూసేవాళ్లు. పెద్ద దగ్గు వస్తే సంబరం. చిన్న దగ్గయితే బేరం. దగ్గు రాలేదంటే అవమానం. నర్మెట్ట పక్కనుంచి వచ్చిన మా దూరపు చుట్టం ఒకాయనైతే, తన కాయకు నేను దగ్గలేదని అలిగి, “మనోడివై ఉండి మా కాయకు ఒక్క దగ్గు దగ్గకపోతివి” అని ఇప్పటికీ పెండ్లిళ్లలో ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాడు.

ఖరీదుదారులకు ఇది నచ్చలేదు. సేటే నాకు దగ్గడం నేర్పించి, రేటు పెంచుకుంటున్నాడని వాళ్ల అనుమానం. నలుగురు కలిసి వచ్చి సేటు ముందు కూర్చున్నారు. దగ్గితే అందరి కాయకూ సమానంగా దగ్గాలి, లేదంటే అసలే దగ్గొద్దు అన్నది వాళ్ల డిమాండు. ఈ మాట వాళ్లు ఏమాత్రం నవ్వకుండా అన్నారు.

వాళ్లు వెళ్లాక సేటు నన్ను పిలిచి, ఎన్నడూ లేనిది, ఫ్యాన్ నా వైపు తిప్పాడు.

“ఏమయ్యా, నీ పానం మంచిగ లేదు. జర ఇంటికాడ రెస్ట్ తీస్కో.”

“ఎన్ని రోజులు సేటూ?”

“మంచిగయ్యేదాంక.”

ఆయాసం తగ్గుతుంది, పెరుగుతుంది, పోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాట ఎంత మర్యాదగా అన్నాడంటే, బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాక గానీ నా ఉద్యోగం పోయిందని నాకు అర్థం కాలేదు. అప్పుడు మాత్రం భయం వేసింది. కిరాయి ఇల్లు, నడివయసు, చేతికి మిర్చి తప్ప వేరే పని రాదు. పైగా నాకు పని లేకుండా చేసిన రోగానికి మందులు కొనాలంటే నాకు పని ఉండాలి. ఈ లెక్క ఎటు తిప్పినా తేలలేదు. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబుతూ మధ్యలోనే ఆపేసి, దానికీ దగ్గే కారణమని చెప్పి తప్పించుకున్నాను.

అప్పటికి నేను చేయని వైద్యం లేదు. మృగశిరకు చేపను మింగాను. ఆ చేప ఏమైందో తెలియదు గానీ నా దగ్గు మాత్రం చెక్కుచెదరలేదు. మిరియాలు తిన్నాను, కషాయాలు తాగాను, తాయెత్తు కట్టుకున్నాను. జనగామ దవాఖానలో డాక్టరు నోట్లో కొట్టుకునే పంపు రాసిచ్చి, మిర్చి పని మానెయ్యమన్నాడు. చెప్పడానికి ఆయనకు అర నిమిషం పట్టింది. పంపు సంగతి వినగానే మా చుట్టాలంతా నేను ఇక ఆఖరి దశకు వచ్చానని తీర్మానించారు. పంపు పట్టినవాడు పంపు వదలడట. అందుకే దాన్ని జేబులో దాచుకుని, ఊపిరి పూర్తిగా అందనప్పుడు ఎవరూ చూడకుండా కొట్టుకునేవాణ్ణి.

“బాపు దగ్గరికి పోదాం. దగ్గుల ఆయనకు తెల్వనిది లేదు” అంది మా ఆవిడ.

ఆమె పుట్టిల్లు భూపాలపల్లి. మా మామ బొగ్గు బాయిలో, భూమి లోపల, పని చేసినవాడు. చాలా ఏళ్లు బొగ్గుపొడి పీల్చి, చివరికి డాక్టర్ల ముందు నిలబడి అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఊళ్లో అన్‌ఫిట్ అన్నది తిట్టు కాదు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి అదే బాయిలో ఉద్యోగం వస్తుంది. అన్‌ఫిట్ కాగితం వచ్చిన ఇంట్లో మిఠాయి పంచుతారు. దగ్గుకు కూడా వారసత్వం ఉన్న ఊరు అది. మా మామ దగ్గితే మా బామ్మర్దికి ఉద్యోగం వచ్చింది, నేను దగ్గితే నా ఉద్యోగమే పోయింది. ఈ అన్యాయాన్ని బస్సులో దారి పొడుగునా తలచుకుంటూ వెళ్లాను.

మా మామ ఒక్క వాక్యాన్ని మూడు ముక్కలు చేసి మాట్లాడతాడు. ముక్కకూ ముక్కకూ మధ్య ఆగి గాలి తెచ్చుకుంటాడు. ఆ ఆగినప్పుడు మనం అడ్డు వస్తే ఆయనకు నచ్చదు. వెళ్లిన పొద్దున వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాం. నాకు ఊపిరి బిగిసి, అటు తిరిగి జేబులోంచి పంపు తీసి నోట్లో రెండుసార్లు కొట్టుకున్నాను.

“ఏంది అల్లుడా...” అని ఆగాడు. “సెంటు...” మళ్లీ ఆగాడు. “కొట్టుకుంటున్నవా?”

ఆయన తన పంపు తీసి చూపించాడు. ముందు లోపలి గాలంతా బయటికి వదలాలి. పంపు నొక్కుతూనే నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పీల్చింది లోపలే పట్టుకోవాలి. నేను ఇన్నాళ్లూ నొక్కుతున్నానే గానీ పీల్చడం లేదు. ఆ మందు నా నాలుకకూ, అంగిటికీ, కొంత మీసాలకూ అందింది. ఊపిరితిత్తులకు తప్ప అన్నింటికీ వైద్యం చేసుకున్నాను. మామ మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు, నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గుకు నేనే ఆయన వీపు నిమరాల్సి వచ్చింది.

మరునాడు ఆయనే దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ, ఆయాసం వచ్చినప్పుడే కాదు, రానప్పుడు కూడా రోజూ వాడాల్సిన పంపు వేరే ఉందని చెప్పి ఇచ్చింది. పళ్లు నొప్పి పుట్టినప్పుడే తోముకుంటామా అని అడిగింది. కొన్ని వారాలకు నేను రాత్రి పడుకుంటే తెల్లారి లేవడం మొదలుపెట్టాను. చిన్నప్పటి తరువాత అలా నిద్రపోవడం అదే. పొద్దున లేచి కూర్చుని, ఇంత గాలి ఊరికే దొరుకుతుందా అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఒక సాయంత్రం మామను అడిగాను, అన్‌ఫిట్ అయిన రోజు ఎట్లా అనిపించిందని. ఇన్నేళ్లలో నాకే కాదు, ఆ ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు.

“అందరు మిఠాయి తిన్నరు అల్లుడా” అన్నాడు. చాలాసేపు ఆగాడు, గాలి కోసం మాత్రమే కాదనుకుంటాను. “నేను గూడ తిన్న. పిలగానికి నౌకరొచ్చె, మంచిదే. గని నా పని పోయిందని... ఎవ్వలకు యాదికి రాలే. బాయి పైన, లైట్లిచ్చే లాంపు గదిల కూసోబెట్టినా... చేద్దు నేను. దుమ్ముండది ఆడ. చేతులు మంచిగనే ఉండె.”

తరువాత తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కొడుకు ఉద్యోగంతో ఆ ఇల్లు నిలబడింది, నిజమే. కానీ ఆ నిజం కింద ఈయన ఇన్నేళ్లు నలిగి ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ వారంలోనే సేటు ఫోన్ చేశాడు. నా చోట్లో ఆయన బామ్మర్దిని కూర్చోబెట్టాడు. ఆ బామ్మర్ది ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలో తెలియక మధ్యాహ్నం కల్లంలో పడుకున్న రైతులను లేపి తిట్లు తిన్నాడు. ఒకరి బస్తాలు ఇంకొకరి వరసలో వేయించాడు. రైతులు ఒక్కొక్కరే పక్క దుకాణానికి జారుకుంటున్నారు. సేటుకు మాత్రం ఇదంతా వేరేలా అర్థమైంది.

“నీ దగ్గు కోసమే వచ్చేటోళ్లట రైతులు. నువ్వు వచ్చి కూసో. బస్తాలు విప్పుడు, ఫోన్లు చేసుడు మావాడు సూస్కుంటడు. నువ్వు ఒట్టిగ కూసోని దగ్గు. జీతం పెంచుత.”

“ఖరీదుదార్లు ఊకుంటరా సేటూ?”

“రైతే రాకుంటె వాళ్లొచ్చి మట్టి కొంటరా?”

ఫోన్ స్పీకర్ మీద ఉంది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. కూర్చుని దగ్గడానికి జీతం! డిగ్రీకి దొరకని విలువ దగ్గుకు దొరికింది. మామ మాత్రం నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక, వేలు నా వైపు చూపిస్తూ ముక్కలు ముక్కలుగా అన్నాడు.

“దగ్గుకు జీతమిచ్చెటోడు... నిన్ను ఎన్నటికి... మంచిగ గానియ్యడు.”

ఆ మాట వినగానే నా ఆశ చల్లబడింది. మరునాడే మా ఆవిడా నేనూ మహబూబాబాద్ బస్సెక్కాం. మాట్లాడేది తనేనని ఆమె బస్సులోనే చెప్పింది. నేను సేటును మీరు అంటాను. ఆమె దేవుణ్ణీ సేటునూ కూడా నువ్వనే అంటుంది.

మేము వెళ్లేసరికి దుకాణం ముందు సేటు బామ్మర్ది బస్తాలో చెయ్యి పెట్టి ఖళ్లుఖళ్లుమని దగ్గుతున్నాడు. నేను వచ్చేదాకా అతన్నే దగ్గమన్నాడట సేటు. పక్కన నిలబడ్డ తండా అవ్వ ఒకామె అతన్ని జాలిగా చూస్తోంది.

“కొడుకా, నీది నోట్లకెల్లి వస్తుంది. ఆయనది కడుపులకెల్లి వస్తుండె” అని, బస్తాలు ఎత్తించుకుని పక్క దుకాణానికి పోయింది.

మా ఆవిడ లోపలికి వెళ్లి సేటు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సేటూ, ఏసీల మిర్చి పెట్టినవా?”

ఏసీ అంటే మా దగ్గర కోల్డ్ స్టోరేజీ. రేటు లేనప్పుడు కాయను అందులో దాచి, రేటు వచ్చాక తీస్తారు. సేటు స్వంతంగా కొన్న కాయ ఎప్పుడూ అందులో కొంత ఉంటుంది.

“పెట్టిన. ఎందుకమ్మా?”

“కాయ ఖరాబ్ గావద్దని చల్లటి రూముల పెట్టి, నెల నెల కిరాయి కడ్తున్నవ్. కరెంటు పోతే వాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు కొడ్తవ్. రంగు పోతదని ఎండ తగలనియ్యవు. గీ మనిషి ఖరాబ్ గావద్దంటే నీకు ఏం ఖర్చయితది? సుట్టు నాలుగు అద్దాలు, ఒక్క ఫ్యాను. గంతే గద.”

“అద్దాల రూముల కూసుంటె దగ్గెట్ల వస్తది?”

“రావద్దనే.”

సేటు నన్ను చూశాడు. అప్పటికి కొంతసేపటిగా నేను ఆయన ముందు నిలబడి ఉన్నాను, దగ్గలేదు. అది ఆయన అప్పుడే గమనించాడు. కొన్న సరుకులో తేడా వచ్చినట్టు ముఖం పెట్టాడు.

“దగ్గకుంటె రైతులు రారు.”

“ప్రతి సీజను నడుమ ఈయన మంచంల పడ్తడు గద. ఆ దినాల నీ దుకాణంల దగ్గెటోడు లేడు, ఫోన్ చేసెటోడు లేడు. రైతులు యాడికి పోయిన్రు?”

సేటు చూపు పక్క దుకాణం వైపు పోయింది.

“పక్క దుకాణంలకు పోయిన్రు. గిన్నేండ్ల సంది నీకు ఆయన దగ్గు ఇనపడ్డది గని, ఆయన లేనప్పుడు పోయిన కమీషన్ ఇనపడలే. బామ్మర్దికి పని నేర్పుడు మల్ల మొదటికెల్లి. గది గూడ నీ ఖర్చే. ఈయనకు వచ్చిన పనిని ఇంట్ల పండబెట్టి, రానోనికి జీతమిస్తున్నవ్.”

సేటు ఫ్యాన్ ఇంకాస్త తన వైపు తిప్పుకున్నాడు. వ్యాపారులు ఆలోచించేటప్పుడు ముఖంలో ఏమీ కనిపించదు, పెదవులు మాత్రం కదులుతాయి. ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. ఆ సేపంతా నేను లక్ష్మీదేవి ఫొటోను చూస్తూ నిలబడ్డాను. దేవత కంటే ఆ పెదవులే నా బతుకు తేలుస్తాయని నాకు తెలుసు.

ఆయన నా మీద జాలిపడి ఒప్పుకుని ఉంటే నేను ఇక్కడ ఆయన్ను పొగిడేవాణ్ణి, మళ్లీ సీజనుకు మళ్లీ రోడ్డు మీద ఉండేవాణ్ణి. జాలి మనసు బాగున్నప్పుడు వస్తుంది, వ్యాపారం పడిపోయినప్పుడు పోతుంది. లెక్క అట్లా కాదు, వ్యాపారం పడిపోయినప్పుడే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రోగమున్నవాణ్ణి పనిలో ఉంచుకోవడం పుణ్యమని ఎవరైనా చెబితే నాకు భయమేస్తుంది. లాభమని చెబితే ధైర్యమొస్తుంది. మా సేటు పుణ్యం కోసం ఏమైనా చేయాలనుకుంటే తిరుపతి పోతాడు.

“పాత షోరూము అద్దాలున్నయ్ ఇంటెనుక” అన్నాడు చివరికి. “కొత్తయి కొనను.”

అట్లా నా గది తయారైంది. ఒక అద్దం మీద ఇంకా చీరలపై భారీ తగ్గింపు అని రాసి ఉండేది, నేను దాని వెనక కూర్చునేవాణ్ణి. బస్తా విప్పడం ముక్కుకు గట్టి మాస్కు పెట్టుకున్న హమాలీ పని. పిడికెడు కాయ తెల్ల పళ్లెంలో అద్దం ముందుకు వస్తుంది. ఫోన్లు, వరసలు, ఎవరి కాయ ఎవరికి చూపించాలన్నది నా పని. సేటు మాస్కులు తెప్పించి అందరికీ పంచి, వాటి ఖరీదు గురించి పూటకొకసారి ఉపన్యాసం ఇచ్చాడు.

అద్దాల గది చూసి నడుంనొప్పితో సగం సీజను ఇంట్లో ఉండే హమాలీ అన్న ఒకతను సేటు ముందుకొచ్చాడు. “గుమాస్తకు రూం కట్టిచ్చినవ్. మాకు బస్తాలు పెట్టి నూకే బండి ఇప్పియ్యవా?” అని అడిగాడు. దమ్ము అంటురోగమని ఇప్పుడు అర్థమైందని సేటు అరిచాడు. వారం గడిచాక బండి వచ్చింది. ఆ హమాలీ సీజను ముగిసేదాకా ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు. సేటు ఆ సంగతి ఎన్నడూ పైకి అనలేదు, ఇంకో బండి మాత్రం తెచ్చాడు.

రైతులతోనే ఇబ్బంది వచ్చింది. మొదట్లో పిడికిళ్లు అద్దానికి ఆనించి, నా ముఖంలోకి ఆశగా చూసేవాళ్లు. నన్ను మిషన్‌ను చేసిన తండా అక్క కూడా వచ్చింది. అద్దం మీద వేలితో కొట్టింది.

“అన్నా, ఒక్కసారి దగ్గరాదూ?”

“వస్తలేదక్కా.”

“మంచిగైనవా?”

“మంచిగేం కాలే. పంపు పట్టిన. కూసునే జాగ మారింది.”

ఆమె నన్ను, గదిని, ఫ్యాన్‌ను చూసింది. నా దగ్గుతో ఆమెకు రేటు వచ్చిన మాట నిజం. ఇక రాదన్న సంగతీ ఆమెకు అర్థమైంది. “గట్లనే ఉండు” అని, బస్తాలు మా దగ్గరే దింపింది. వాళ్లంతా నా దగ్గు కోసం వచ్చేవాళ్లా, నా కోసం వచ్చేవాళ్లా అన్న అనుమానం నాకు ఆ రోజు తీరింది. తీరినందుకు ఎంత సంతోషపడ్డానో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

తరువాతి సీజను మొదలైన రోజు మా వీధిలో జెండా పాట. ఆనాటి మొదటి సరుకు దగ్గర జెండా పట్టుకుని నిలబడి, గట్టిగా కేక వేసి రేటు పాడతారు. ఆ రేటే ఆ పూట అందరికీ ఆధారం. జెండా ఎవరి దుకాణం ముందు నిలిస్తే ఆ దుకాణం గుమాస్తా కేక వేయాలని మా దగ్గర అలవాటు. రైతు ఊరు, కాయ రకం, బస్తాలు, రేటు అన్నీ మధ్యలో ఆగకుండా చెప్పాలి. ఆగితే ఇంకొకడు అడ్డొస్తాడు, గొడవవుతుంది. అందుకే ఇంతకు ముందు జెండా మా ముందుకు వచ్చినప్పుడల్లా పక్క దుకాణం వాణ్ణి బతిమాలేవాళ్లం.

ఆ రోజు జెండా మా ముందే నిలిచింది. సేటు అలవాటుగా పక్క దుకాణం వైపు నడిచాడు. నేను అద్దాల గదిలోంచి బయటికొచ్చి, గాలి వచ్చే వైపు ఉన్న బస్తాల మీదికి ఎక్కాను. కింద నిలబడ్డ మా ఆవిడ అప్పటికే భూపాలపల్లికి ఫోన్ కలిపి, చెయ్యి పైకి ఎత్తి పట్టుకుంది.

లోపలి గాలంతా వదిలాను. నెమ్మదిగా, లోతుగా పీల్చాను. అందరూ నా ఛాతీ వైపు చూస్తున్నారు, అలవాటు కొద్దీ. ఖరీదుదారులు సెల్లులు జేబులో పెట్టుకున్నారు. నేను కేక వేశాను. ఊరు, రకం, బస్తాలు, రేటు, ఒక్క ఊపిరిలో, వీధి చివరి చాయ్ దుకాణం దాకా. ముగిశాక దగ్గు కోసం నేనూ ఎదురుచూశాను. రాలేదు. పాట నడిచి, రేటు తేలి, అందరూ కాంటా వైపు కదిలారు.

“ఇంత గొంతు పెట్టుకోని గిన్నేండ్లు దగ్గుకుంట కూసున్నవా?” అన్నాడు సేటు. “జీతంల కోస్త.”

మా ఆవిడ ఫోన్ అందించింది. అవతల మామ ఊపిరి మాత్రమే వినిపిస్తోంది, గురగురమని, లోపలికీ బయటికీ. నేను తొందరపెట్టలేదు. ఆయన గాలి తెచ్చుకునేదాకా ఆగాను.

“ఒక్క దమ్ముల... చెప్పినవ్ గద” అన్నాడు. మళ్లీ గురగుర. “అల్లుడా... మల్లొకసారి చెప్పు.”

పాట అయిపోయింది, జెండా కూడా కదిలింది, ఇప్పుడు కేక వేస్తే రేటు మళ్లీ తెరిచారని జనం ఉరికి వస్తారు. సేటు రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దని అరుస్తున్నాడు. నేను మళ్లీ బస్తాల మీదికి ఎక్కి, ఫోన్ నోటి ముందు పెట్టుకుని, మొదటి నుంచి చెప్పాను.